కౌజుల డబ్బాలు

పసుపు పండించి, ఉడకబెట్టి, ఆరబోసి, మెరుగుపెట్టి ఊరూరికీ పంపే ఆర్మూరులో పసుపు వేయని కూర తినే మనిషి ఒక్కడంటే ఒక్కడే ఉండేవాడు. అతని పేరు కాశీరాం. తొంభైల్లో ఏ పెళ్లి పంక్తిలో కూర్చున్నా పప్పు కేసి ఒకసారి చూసి పక్కకు జరిపి, మజ్జిగ పోసుకుని తిని లేచేవాడు. ఊరన్నాక ఊరుకుంటుందా? ఒకరు మొక్కు అన్నారు. ఒకరు కడుపులో పుండు అన్నారు. పాలిష్ షెడ్డులో పసుపు దుమ్ము పీల్చి పీల్చి ముఖం మొత్తిందని ఇంకొకరు తేల్చారు. భార్య నీలవ్వను అడిగితే, "ఆయనది మెత్తటి పానం. గా సంగతి ఇడిసిపెట్టున్రి" అని బీడీల చాట మీదికి తల వంచేసేది. కారణం ఆమెకు తెలుసు. మొగుడే చెప్పాడు. చెప్పినా ఆమె నమ్మలేదు. నమ్మించలేకపోవడమే కాశీరాం బతుకును తినేసింది. అదెలాగో చెప్పాలంటే పిట్టల దగ్గర మొదలుపెట్టాలి.

కౌజుపిట్ట కోడికి చిన్న, పిచ్చుకకు పెద్ద. ఒంటి నిండా బూడిదరంగు గీతలు. రెక్కలున్నా ఎగరడానికి బద్ధకం, ఎంతసేపూ నేల మీద పరుగే. పొద్దున్నే గుట్ట మీద ఒకటి కూత పెడితే ఇంకో బండ వెనక నుంచి ఇంకొకటి జవాబిస్తుంది. జవాబివ్వకుండా ఊరుకోలేని ఆ గుణమే వాటి కొంప ముంచింది. కాశీరాంకు తండ్రి నేర్పిన విద్య అదే. పసికూన నుంచి పెంచిన పుంజును పంజరంలో పెట్టి గుట్ట కింద వదిలి, చుట్టూ సన్నటి ఉచ్చులు పరిచి, తాను బండచాటున కూర్చోవాలి. పంజరంలోది కూస్తుంది. నా జాగాలోకి ఎవడు వచ్చాడని అడవిది రోషంగా దిగి వస్తుంది. కాలు ఉచ్చులో పడుతుంది. అంతే సంగతి. కల్లు కాంపౌండు ముందర కాశీరాం పిట్టలు దింపకముందే బాణలి పొయ్యి ఎక్కేది. అతను కూడా తక్కువవాడేమీ కాదు, "గుట్ట మీది పిట్టలన్నీ నా పేరు మీదనే రాసి ఉన్నయ్" అని మీసం దువ్వేవాడు.

నూరు గొడ్లను తిన్న రాబందుకు ఒక్క గాలివాన చాలంటారు. కాశీరాంకు రెండు వచ్చాయి. మొదటి బిడ్డ పదమూడో రోజున పోయింది. రెండోవాడు మూడు నెలలుండి, నవ్వడం నేర్చి, పోయాడు. ఇద్దరూ నీలవ్వ ఒళ్లోనే కన్ను మూశారు. రెండోవాణ్ని పూడ్చి వచ్చిన రోజునే కాశీరాం ఉచ్చులన్నీ కుప్పపోసి కాల్చేశాడు. పంజరంలోని పుంజును గుట్ట మీద వదిలేశాడు. పిట్టల ఉసురు తగిలిందని అతని నమ్మకం. తల్లులను పట్టి పిల్లలను ఉసురు పెట్టినవాడికి పిల్లలు ఎలా దక్కుతారని తన నెత్తి తానే కొట్టుకున్నాడు.

నీలవ్వ లెక్క వేరు. "నీ పిట్టలేంది, నీ ఉసురేంది. నా చెయ్యి మంచిది గాదు" అన్నది. ఆ మాట ఆమె నోట్లో మొదట పెట్టింది అత్తగారు. ముసలమ్మ పోయినా మాట పోలేదు. నీలవ్వ పొదగవేసిన గుడ్లు మురిగిపోయాయి. నీలవ్వ పెట్టిన సొరతీగ పిందె దశలోనే ఎండింది. ఇవన్నీ ఎవరింట్లోనైనా జరిగేవే గానీ, ఒకసారి అనుమానం పడ్డ మనిషికి ప్రతిదీ సాక్ష్యమే. వాడలో పసిపిల్ల ఏడుస్తుంటే పక్కనే కూర్చుని కూడా చేయి చాచేది కాదు. బీడీలు మాత్రం వంచిన తల ఎత్తకుండా చేసేది, అవి ప్రాణం లేనివి కదా. చచ్చిపోయిన పిల్లల నేరం నాదంటే నాదని మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్న ఇల్లు అదొక్కటే అయి ఉంటుంది. మిగతా ఇళ్లలో నీదంటే నీదని పోట్లాడుకుంటారు.

వేట మానిన కాశీరాం ఒక అడ్తి దుకాణం వారి పాలిష్ షెడ్డులో కూలికి కుదిరాడు. ఎండిన పసుపు కొమ్ములను పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు రాలి నునుపెక్కుతాయి. నలుగురు కలిసి తిప్పాలి. సాయంత్రానికి కనురెప్పలు కూడా పసుపుపచ్చగా అయ్యేవి. అలా నాలుగేళ్లు గడిచాయి. ఇంట్లో మాటలు కూడా నాలుగైదుకు మించేవి కావు. అన్నం పెట్టన్నా? పెట్టు. నీళ్లొచ్చినయా? వచ్చినయ్.

ఎనభై ఆరు, ఎనభై ఏడు సంవత్సరాల్లో కరువు పడింది. గుట్ట మీద గడ్డి గింజ కట్టలేదు. ఒకరోజు పొద్దున షెడ్డు వెనక, సంచులు దులిపే చోట, కాశీరాంకు కౌజులు కనిపించాయి. మనుషుల అలికిడికి ఆమడ దూరం పారిపోయే పిట్టలు మట్టిలో పడ్డ మక్క నూకల కోసం కుక్కలున్న జాగాకు దిగి వచ్చాయి. డొక్కలు ఎండి ఉన్నాయి. లెక్కబెట్టాడు. పదకొండు. ఒకప్పుడు ఒక్క పొద్దున పట్టి అమ్మినన్ని కూడా గుట్ట మొత్తం మీద మిగల్లేదు. కాశీరాం అక్కడే సంచుల మీద కూలబడ్డాడు. కరువు తనవల్ల రాలేదు, నిజమే. కానీ కరువుకు ఆ పదకొండే మిగలడం మాత్రం తన చలవే.

మరునాడు రెండు మట్టి మూకుళ్లలో నూకలు పోసి గుట్ట కింద పెట్టి వచ్చాడు. గోరింకలు, కాకులు పండగ చేసుకున్నాయి. కౌజులకు ఒక్క గింజ దక్కలేదు. తర్వాత నూనె డబ్బా ఒకటి తెచ్చి అడుగున బెజ్జాలు కొట్టి చెట్టుకు వేలాడదీశాడు. నేల మీద తిరిగే పిట్ట తలెత్తి కొమ్మ వంక చూస్తుందా? చూడలేదు. మూడోసారి డబ్బాను నేల మీద పెట్టి పక్కన చీల్చాడు. ఈసారి చీమలు బారులు కట్టాయి, రాత్రికి ఎలుకలు మిగతాది ఖాళీ చేశాయి. షెడ్డులో జతకాడు తుకారాం పడి పడి నవ్వాడు. "అన్నా, పిట్టలను చంపుడు అల్కగ వచ్చె నీకు. సాదుడు రాకపాయె!"

ఆ మాట గుచ్చుకుంది గానీ, దానిలోనే దారి దొరికింది. పిట్టను పట్టేవాడికి పిట్ట తెలుసు. ఏ బండ సందు నుంచి దిగుతుంది, ఎక్కడ మట్టి గీకుతుంది, ఎంత ఎత్తు చూస్తుంది, ఎంత సందులో దూరుతుంది, ఇవన్నీ ఉచ్చు పరిచేందుకు నేర్చుకున్న లెక్కలే. అవే లెక్కలు తిరగేశాడు. డబ్బాను మూడు రాళ్ల మీద జానెడు ఎత్తున నిలబెట్టాడు. అడుగున ఒక్కటే బెజ్జం, అందులోంచి వంచిన సైకిల్ పుల్ల ఒకటి వేలాడేట్టు పెట్టాడు. పిట్ట ముక్కుతో పుల్లను పొడిస్తే నాలుగు గింజలు రాలుతాయి, పొడవకపోతే రాలవు. ఎలుకకు ఆ పుల్ల ఆట తెలియదు. రాళ్ల చుట్టూ బూడిద పోస్తే చీమ రాదు. పైన రేగుకంప గుడిసెలా కప్పి, కౌజు నడిచే దారి వైపు మాత్రం బెత్తెడు సందు వదిలాడు, కాకికి ఆ కంప కిందికి దూరడం రాదు. వాన చుక్క దిగకుండా మూతకు పాత ట్యూబు ముక్క చుట్టాడు. అటువంటివి నాలుగు చేసి నాలుగు చోట్ల పెట్టాడు. మూడో రోజున పుల్ల పొడిచిన టక్ టక్ చప్పుడు విని బండచాటున కూర్చున్న కాశీరాం ముఖం కడుక్కున్నట్టు ఏడ్చాడు. ఊళ్లో అప్పటి నుంచి డబ్బల కాశీరాం అయ్యాడు.

అంతవరకు అది అతని ప్రాయశ్చిత్తం. ఆ తర్వాత అతనికి ఇంకో ఆలోచన వచ్చింది, అసలు కథ అక్కడుంది.

"నీలా, జర నువ్వొచ్చి డబ్బలల్ల గింజలు పోయాలె" అన్నాడు ఒకరోజు.

బీడీకి దారం చుడుతున్న చేయి ఆగింది. "నేనా? నా చెయ్యి సంగతి ఎర్కలేదా నీకు?"

"నా ఒంటికి వేటగాని వాసనున్నదే. గన్నేండ్ల వాసన ఊకెనే పోతదా? నేను పోస్తె దగ్గరికొస్తలేవు. ఆకలికి సస్తున్నయ్. నీ వాసన వాటికి కొత్త."

పచ్చి అబద్ధం. కౌజు కంటితో చూసి, చెవితో విని బతుకుతుంది. వాసన సంగతి దానికి పట్టదని కాశీరాంకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కానీ ఆకలికి చస్తున్నాయన్న మాటకు నీలవ్వ లేచింది. చీర చెంగులో నూకలు మూటగట్టుకుని గుట్ట దాకా అతని వెనకే నడిచింది. డబ్బా మూత తీసే ముందు ఆమె చేతులను చీరకు రెండుసార్లు తుడుచుకోవడం అతను చూడనట్టు నటించాడు.

పదకొండూ బతికాయి. వారం గడిచింది, నెల గడిచింది, పదకొండుకు పదకొండూ ఉన్నాయి. నీలవ్వ పొద్దున్నే తనంతట తనే లేచి పోవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆమె నీళ్ల ముంతతో తిరిగి వస్తుంటే, కాశీరాం డబ్బా పక్కనే నిలబడి ఉన్నాడు, అతని కాళ్ల దగ్గర రెండు కౌజులు హాయిగా గీకుతున్నాయి. అతను చూసుకునేలోపే ఆమె చూసింది.

"ఏమయ్యా, వేటగాని వాసనొస్తలేదా వాటికి?"

దొంగ దొరికిపోయాడు. బుర్ర గోక్కున్నాడు. నీలవ్వ ముందు కోపంగా చూసింది, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత కొంగుకు ఆగక పెద్దగా నవ్వేసింది. ఆ ఇంట్లో నాలుగైదేళ్ల తర్వాత వినపడ్డ నవ్వు అది. ఆ రోజు కాశీరాం షెడ్డుకు ఆలస్యంగా పోయి తిట్లు తిన్నాడు. ఆ తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో పొదల కింద పిల్లలు లేచాయి. ఉసిరికాయంత ఉండలు, తల్లి వెనకే దొర్లుతున్నట్టు పరుగెత్తేవి. నీలవ్వ పిల్లల కోసం నూకలను తిరగలిలో ఇంకా సన్నగా విసిరేది. పెద్దవి, చిన్నవి కలిపి ఇరవై మూడు అయ్యాయి. బీడీలు ఇరవై అయిదు అయితే ఒక కట్ట. "ఇంక రెండైతె ఒక కట్ట నిండుతదయ్యా" అని ఆమె వేళాకోళం ఆడింది. తన చేతి గింజలు తిని ఇరవై మూడు ప్రాణాలు తిరుగుతుంటే, చేయి మంచిది కాదన్న మాట ఎక్కడ నిలుస్తుంది?

పక్కింటి లసుమవ్వకు అప్పుడే కాన్పు అయింది. ఒకరోజు ఆమె నీళ్లకు పోతూ, "నీలక్కా, జర పిల్లను పట్టుకో" అని అలవాటు లేని పని అడిగేసి, అడిగాక నాలుక కరుచుకుంది. నీలవ్వ ఒక్క క్షణం ఆగి చేతులు చాచింది. కాశీరాం షెడ్డు నుంచి వచ్చేసరికి గడపలో నీలవ్వ, ఆమె ఒళ్లో నిద్రపోతున్న పసిది. అతను చప్పుడు చేయకుండా చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటి వెనక నుంచి పోయాడు. ఇంతకుమించి నాకేమీ వద్దు అనుకున్నాడు. దేవుడికి ఆ మాట వినపడకుండా ఉంటే బాగుండేది.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. రెండేళ్ల కరువు పగ తీర్చుకున్నట్టు కురిశాయి. చెమ్మకు డబ్బాల్లోని నూకలు పురుగు పట్టాయి. పుల్ల పొడిస్తే గింజల బదులు ముక్కపురుగులు రాలుతున్నాయి, నూకలు ముద్దకట్టి బెజ్జం పూడుకుపోతోంది. ఆర్మూరులో పుట్టినవాళ్లకు దీనికి ఉపాయం వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. బియ్యానికి పురుగు పడితే పసుపు, పప్పుకు పడితే పసుపు, కాలు తెగితే పసుపు, దగ్గొస్తే పసుపు. కాశీరాం సాయంత్రం డ్రమ్ము కింద రాలిన పొడిని ఊడ్చి సంచిలో కట్టుకొచ్చాడు. నిండు పచ్చగా ఉంది.

"గింత పచ్చగున్నదేంది? మంచి పసుపేనా?" అని నీలవ్వ గుప్పిట్లోకి తీసుకుని చూసింది.

"పసుపేనే. పసుపు తింటె ఎవ్వరన్న సస్తరా?" అన్నాడు కాశీరాం.

నూకల్లో కలిపారు. పురుగు మాయమైంది. నూకలు విడివిడిగా రాలాయి. ఇద్దరూ సంబరపడ్డారు.

మూడు వారాలకు ఒక పిట్ట డబ్బా దగ్గరే రెక్కలు జారేసి కూర్చుంది. మనిషి దగ్గరికి పోయినా లేవలేదు. మరునాడు చచ్చింది. వానకాలం, ఒకటి పోవడం మామూలే అనుకున్నారు. ఆ వారంలో మూడు పోయాయి. రెట్టలు ఆకుపచ్చ నీళ్లలా ఉన్నాయి. మెడ నిలబెట్టలేక ముక్కు నేలకు ఆనించి కూర్చుంటున్నాయి. కడుపులో జబ్బు పడ్డట్టుందని కాశీరాం తేల్చాడు. కడుపులో జబ్బుకు మందేమిటి? ఈ ఊళ్లో చెప్పే మందే. పసుపు రెట్టింపు చేశాడు. నీలవ్వ రోజుకు ఒకసారి పోసే గింజలు రెండుసార్లు పోసింది. నడవలేని పిల్లలను దోసిట్లో పట్టుకుని, నోట్లో ఒక్కో నూక పెట్టి, గొంతు నిమిరి మింగించింది. ఆమె ఎంత ఒళ్లు దాచుకోకుండా చేస్తే అవి అంత తొందరగా చచ్చాయి. ఇరవై మూడు పదిహేను అయ్యాయి, తొమ్మిది అయ్యాయి, నాలుగు అయ్యాయి. చివరి కూన ఆమె అరచేతిలోనే తల వాల్చింది.

ఆ రోజుల్లోనే లసుమవ్వ పిల్లకు జ్వరం తగిలింది. వానకాలం ఏ పిల్లకైనా తగిలే జ్వరమే. నీలవ్వ మాత్రం ఒళ్లోని పిల్లను తీసి తల్లి చేతుల్లో పెట్టేసి, "ఇంక నాకియ్యకు చెల్లె, నీ కాళ్లు మొక్కుత" అని ఇంట్లోకి పోయి తలుపు గొళ్లెం పెట్టుకుంది. రెండు రోజులకు జ్వరం తగ్గి పిల్ల నవ్వింది. లసుమవ్వ సంతోషంగా చెప్పడానికి వస్తే, నీలవ్వ తల ఊపింది. "నేను ఇడిసిపెట్టిన గదా, గందుకే బతికింది."

ఆ మాట కాశీరాం చెవిన పడింది. చచ్చిన పిట్టను గుడ్డలో చుట్టి పశువుల దవాఖానకు తీసుకుపోయాడు. బర్రెల మధ్య కౌజును పట్టుకుని నిలబడ్డవాణ్ని చూసి అందరూ నవ్వారు, డాక్టరు నవ్వలేదు. పిట్టను కోసి కడుపు తెరిచాడు. నూకలు అరగకుండా అలాగే ఉన్నాయి, వాటికి పట్టిన పచ్చదనం కూడా అలాగే ఉంది. ఏం పెట్టావని అడిగాడు. కాశీరాం రుమాలు మూలలో ముడివేసిన పొడి చూపించాడు. డాక్టరు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, కాంపౌండరును పిలిచాడు. ఆ మనిషి తన పాన్ డబ్బాలోంచి కొంత సున్నం తీసి నీళ్లలో కలిపి పొడి వేశాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. కానీ అడుగున ఇసుకలా ఒక పొర దిగింది, దాని పచ్చదనం మారలేదు.

"ఎర్రబడింది పసుపు. అడుగున ఉన్నది పసుపు కాదు. కిటికీలకు, బండ్లకు వేసే రంగు, దాంట్లో సీసం ఉంటుంది" అన్నాడు డాక్టరు. "పిట్టలు కాబట్టి నెలలో పోయాయి. ఎవరు కలిపారయ్యా దీన్ని?"

కాశీరాం షెడ్డుకు పరుగెత్తాడు. తుకారాంను మూలకు లాగి అడిగాడు. తుకారాం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"కరువుల ఆగిపోయిన పాత సరుకు నల్లవడ్డది గదనే. మెరువాలని సేటు గా సంచి తెప్పిచ్చిండు. డ్రమ్ముల పోసింది నువ్వే గదా అన్నా, మరిచినవా?"

మరవలేదు. పేరు లేని సంచి, లోపల పచ్చటి పొడి. మేలు రకం పసుపు పొడి అన్నారు, మెరుగు కోసమన్నారు, గంపతో ఎత్తి పోశాడు. పచ్చగా ఉన్నదంతా పసుపేనని నమ్మే ఊళ్లో పుట్టాడు, నమ్మాడు. "ఒక్కసారి మా ఇంటికొచ్చి నీలకు గీ మాట చెప్పు తమ్మీ" అని చేతులు పట్టుకున్నాడు. తుకారాం చేతులు విడిపించుకున్నాడు. "నాకు ముగ్గురు పిల్లలున్నరే. కూలి పోతె ఏం దినాలె? నన్ను ఇందుల కలుపకు" అని డ్రమ్ము దగ్గరికి పోయాడు. అతన్ని మాత్రం ఏమనగలం?

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నీలవ్వ చాట ముందర కూర్చుని ఉంది, ఒక్క బీడీ కూడా చేయలేదు. ఆకులు చెమ్మారి ముడుచుకుపోయాయి. కాశీరాం నిలబడే అంతా చెప్పేశాడు. పిట్ట కడుపు, డాక్టరు మాట, సంచి, తన చేత్తో పోసిన గంప, ఒక్కటీ దాచలేదు. జీవితంలో ఇంత సంతోషంగా ఏ మనిషీ తన తప్పు ఒప్పుకుని ఉండడు. "నువ్వు గాదే సంపింది, నేను. నీ చేతుల ఏం లేదు. విషం తెచ్చింది నేను, కలిపింది నేను, రెండింతలు చేసింది గూడ నేనే. నీ చెయ్యి మంచి చెయ్యి."

నీలవ్వ అంతా విన్నది. ఆమె ముఖంలో కోపం వస్తుందని అతను ఎదురుచూశాడు. తిడుతుందని, చాట విసిరికొడుతుందని, కొన్నాళ్లు మాట్లాడదని. అవన్నీ అతనికి కావాలి. కోపం రాలేదు.

"పసుపు సంపుతదా?" అన్నది నెమ్మదిగా. "పుస్తెకు పెట్టుకునే పసుపు. పిల్లలకు నలుగు పెట్టిన పసుపు."

"అది పసుపు గాదు, రంగు!"

కాశీరాం గబగబా ఇత్తడి పళ్లెం తెచ్చాడు. నీళ్లు పోశాడు. గూట్లోంచి సున్నం తీసి కలిపాడు. సంచి అడుగున మిగిలిన పొడి వేసి వేలితో తిప్పాడు. నీళ్లు ఎర్రగా అయ్యాయి, చిక్కటి కుంకుమ ఎరుపు. "ఇగో, అడుగున చూడు. గిది మారలే చూడు" అని పళ్లెం వంచి చూపించాడు. వంచిన కొద్దీ ఎర్రనీళ్లు అటు నుంచి ఇటు వచ్చి పచ్చపొరను కప్పేస్తున్నాయి. నీలవ్వ పళ్లెం వంక చూడనే లేదు. అతని ముఖం వంకే చూస్తోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అంత ప్రేమగా అతన్ని చూడలేదు.

"గప్పుడు వాసనన్నవ్. గిప్పుడు రంగంటున్నవ్" అన్నది. "నాకోసం ఇంకెన్ని కట్టి చెప్తవయ్యా?"

"ఒట్టు నీలా! నీ మీదొట్టు!" అతను ఆమె తల మీద చేయి పెట్టబోయాడు.

ఆమె ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది. "ఒట్టు వెయ్యకు. అబద్ధపు ఒట్టు నీకు తగుల్తది. నువ్వొక్కనివే మిగిలినవ్ నాకు."

ఇంకేం చెప్పినా, ఎంత గట్టిగా చెప్పినా, ఆమెకు అది ఇంకో దయే అవుతుందని కాశీరాంకు అప్పుడు అర్థమైంది.

నీలవ్వ లేచి కొంగు నడుముకు దోపుకుంది. అతని చేతుల్లోంచి పళ్లెం తీసుకుంది. "లే, తూర్పు దిక్కు తిరిగి నిలబడు" అన్నది. ఆ ఎర్రనీళ్లను దిష్టి తీస్తూ అతని తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. "ఇంటి జిష్టి, వాడ జిష్టి, దారిన పోయేటోళ్ల జిష్టి," అని ఒక చుట్టు. "పిల్లలిద్దరి జిష్టి, పిట్టల జిష్టి," అని ఇంకో చుట్టు. మూడో చుట్టు ఇంకా నెమ్మదిగా తిప్పింది. "నా చేతి జిష్టి. అంత పోవాలె. నువ్వన్న బతుకు."

కాశీరాం తూర్పుకు తిరిగి, ఆమె చెప్పినట్టే కదలకుండా నిలబడ్డాడు.